జార్జియాలో అలసందల భోజనం

అమెరికావాళ్ళకి సొంత వంట అంటూ ఏమీ లేదని మన ఇళ్ళల్లో చాలా ధీమాగా చెప్పుకుంటాం. బర్గరు, పిజ్జా, రెండు బ్రెడ్డు ముక్కల మధ్య ఏదో ఒకటి, ఇంతే కదా అంటాం. అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్, ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్ చుట్టూ ఇళ్ళు కొనుక్కుని స్థిరపడిన తెలుగువాళ్ళలో, ఇక్కడి ఊళ్ళవాళ్ళు మధ్యాహ్నం పూట కూర్చుని తినే భోజనాన్ని ఒక్కసారైనా రుచి చూడనివాళ్ళు ఎంతమందో. బిరియానీ బాగుంటుందని ఎవరో చెప్తే ఊరి ఆ చివరికి కారు నడుపుతారు. ఇంటికి దగ్గర్లో రోడ్డు పక్కనే ఉన్న కంట్రీ హోటల్లోకి మాత్రం అడుగు పెట్టరు.

ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఆ హోటల్లో పెట్టే కూరల్లో సగం మా అనంతపురం చేలల్లో పండేవే. అవి మనకి అంత తెలిసినట్టు అనిపించడం యాదృచ్ఛికం కాదు. మన మెట్ట పంటలూ, ఈ అమెరికా దక్షిణాది పంటలూ చాలావరకు ఒకే చోటి నుంచి బయల్దేరాయి. ఆ చోటు ఆఫ్రికా. మన దగ్గరికి వేల ఏళ్ళ కిందట వర్తకుల వెంట వచ్చాయి. ఇక్కడికి బానిస ఓడల్లో వచ్చాయి. కాబట్టి ఆ భోజనం మనం తినాలి, తిన్నప్పుడు అది ఎవరి చేతి వంటో తెలిసి తినాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు ఆ హోటల్ ఎలా ఉంటుందో చెప్తాను. ఈ రకం భోజనానికి ఇక్కడ ‘మీట్ అండ్ త్రీ’ అని పేరు. ఒక మాంసం, మూడు కూరలు, ఒక ముక్క కార్న్‌బ్రెడ్ లేదా ఒక బిస్కెట్, పెద్ద గ్లాసుతో తీపి ఐస్ టీ. బిస్కెట్ అంటే మనం టీలో ముంచుకునేది కాదు. మజ్జిగ, వెన్న, మెత్తటి గోధుమపిండి కలిపి అప్పటికప్పుడు కాల్చిన, పొరలు పొరలుగా విడిపోయే చిన్న రొట్టె. మాంసం వద్దనుకుంటే నాలుగు కూరలు ఎంచుకుని ‘వెజిటబుల్ ప్లేట్’ అడగవచ్చు. చాలాచోట్ల గోడ మీద నల్లబల్ల ఉంటుంది, వారాన్ని బట్టి అందులో పేర్లు మారుతుంటాయి. ఒకరోజు మీట్‌లోఫ్ (కీమాని రొట్టెలా కాల్చింది), ఒకరోజు కోడి వేపుడు, శుక్రవారమైతే చేప. ఆవిరి మీద వేడిగా ఉంచిన లోతైన స్టీలు తట్టల వెనక ఒక మనిషి గరిటె పట్టుకుని నిలబడి ఉంటుంది. ఏది చూపిస్తే అది వడ్డిస్తుంది. మాకరోనీ అండ్ చీజ్‌ని కూడా కూరల కిందే లెక్కేస్తారు, దాని గురించి ఎవరూ గొడవ పడరు.

టెనెసీ రాష్ట్రంలో నాష్‌విల్ ఈ రకం భోజనానికి బాగా పేరున్న ఊరు. అక్కడి ఆర్నాల్డ్స్ కంట్రీ కిచెన్ 1982లో మొదలైంది, 2009లో, వంటల్లో ఇక్కడ పెద్ద గౌరవంగా చెప్పుకునే జేమ్స్ బియర్డ్ అవార్డు అందుకుంది. మా జార్జియాలోనే సవానా ఊళ్ళో ఉన్న మిసెస్ విల్క్స్ డైనింగ్ రూమ్ పద్ధతి వేరు. 1943లో సేమా విల్క్స్ అనే ఆవిడ ఒక బోర్డింగ్ హౌస్‌ని చేతిలోకి తీసుకుని నడిపిన చోటు అది. ఇప్పటికీ బల్లకి పదిమంది చొప్పున, ఒకరికొకరు తెలియనివాళ్ళని కలిపి కూర్చోబెడతారు. గిన్నెలన్నీ బల్ల మీదే ఉంటాయి, ఒకరి చేతి నుంచి ఒకరికి అందించుకోవాలి. తిన్న ప్లేటు ఎవరిది వాళ్ళే వంటింటి దగ్గరికి తీసుకెళ్ళి ఇవ్వాలి. బంతి భోజనాల్లో పెరిగినవాళ్ళకి అక్కడ కొత్త అనిపించేది పక్క మనిషి భాష ఒక్కటే.

మా అమ్మ అనంతపురం నుంచి వచ్చినప్పుడు ఉత్తర జార్జియా కొండల వైపు వెళ్తూ దారిలో ఒక చిన్న ఊళ్ళో ఇలాంటి హోటల్ దగ్గర ఆగాం. అమ్మ బయట తిండి అంటేనే సందేహపడే మనిషి. నల్లబల్ల చదివి నేనే నాలుగు చెప్పాను. బ్లాక్ ఐడ్ పీస్, టర్నిప్ ఆకు, బెండకాయ టమాటా, ఉల్లిపాయ ముక్కలతో దోసకాయ పచ్చడి లాంటిది ఒకటి. ఆకుకూరలో పంది వేశారా అని ముందే అడిగాను. వేయలేదు, పొగబెట్టిన టర్కీ కోడి వేశామన్నారు.

అమ్మ ఫోర్కు పక్కన పెట్టి చేత్తో మొదలుపెట్టింది. ఒక గింజ వేళ్ళ మధ్య నొక్కి చూసి, “ఇవి అలసందలు కదరా” అంది. అవునన్నాను. ఇంకో ముద్ద తిని, “బాగా ఉడికినాయి. తాలింపే లేదు” అంది. ఆకుకూర గిన్నె అడుగున పచ్చగా, కొంచెం నూనె తేలుతూ నీళ్ళున్నాయి. కార్న్‌బ్రెడ్ ముక్క విరిచి అందులో అద్దుకుంది. జొన్నరొట్టె పప్పులో అద్దుకున్నంత మామూలుగా చేసిందా పని, ఎవరూ చెప్పలేదు. “ఆకు ఉడికిన నీళ్ళు పారబోయలేదు, మంచి పని చేసినారు” అంది. వడ్డించే ఆవిడ, మా అమ్మ ఈడుదే, నల్లజాతి మనిషి, దూరం నుంచి ఇది చూసి వచ్చి అమ్మ చెయ్యి చూపించి నాతో “ఈవిడకి తినడం తెలుసు” అంది. వెళ్ళి ఒక కాఫీ కప్పు నిండా ఆ నీళ్ళే తెచ్చి పెట్టింది. నేను డబ్బులు అడిగితే తల అడ్డంగా ఊపింది.

ఆ నీళ్ళని ఇక్కడ ‘పాట్ లిక్కర్’ అంటారు. బానిసత్వం రోజుల్లో యజమాని బల్ల మీదికి ఆకు వెళ్ళేది, కుండ అడుగున మిగిలిన నీళ్ళు వండినవాళ్ళ వంతు అయ్యేవి. ఆకులోని సారం చాలా భాగం ఆ నీళ్ళలోకే దిగుతుంది కాబట్టి, తెలిసో తెలియకో మంచి భాగం వాళ్ళకే దక్కింది. తర్వాత్తర్వాత తెల్లవాళ్ళకీ అది ఇష్టమైంది. ఎంత ఇష్టమంటే, 1931లో లూసియానా గవర్నర్ హ్యూయీ లాంగ్‌కీ, అట్లాంటా కాన్‌స్టిట్యూషన్ పత్రికకీ మధ్య దీని మీద వారాల తరబడి వాదం నడిచింది. కార్న్‌బ్రెడ్‌ని పాట్ లిక్కర్‌లో ముంచుకుని తినాలని గవర్నరు, చిదిమి కలుపుకుని తినాలని పత్రిక. దేశమంతా కరువులో, మాంద్యంలో ఉన్న రోజులవి. సంకటిని పులుసులో అద్దాలా, కలపాలా అని పంతం పట్టిన మనుషుల మధ్య పెరిగినవాడిని కాబట్టి నాకు ఆ వాదంలో తప్పేమీ కనిపించదు. అట్లాంటాలో 1945 నుంచి నడుస్తున్న మేరీ మాక్స్ టీ రూమ్‌లో, మొదటిసారి వచ్చామని చెప్తే ఇప్పటికీ ఒక కప్పు పాట్ లిక్కర్, ఒక కార్న్‌బ్రెడ్ ముక్క ఊరికే ఇస్తారు.

ఇక ఆఫ్రికా సంగతి. అలసందలు ఆఫ్రికాలో పుట్టిన పంట. జొన్న కూడా అంతే, ఈశాన్య ఆఫ్రికా నుంచి దాదాపు నాలుగు వేల ఏళ్ళ కిందట మన దేశానికి వచ్చింది. రాయలసీమవాళ్ళం మా సొంతమని గర్వంగా చెప్పుకునే సంకటిలోని రాగి తూర్పు ఆఫ్రికా ధాన్యం. చారులో, పులుసులో, పచ్చడిలో వాడే చింత పుట్టింది కూడా ఆ ఖండంలోనే. మన తిండిలోంచి జొన్న, రాగి, అలసంద, చింతపండు తీసేస్తే సీమలో పండగెలా అవుతుంది? అలసంద వడలు లేని నాటుకోడి కూర ఎవరు తింటారు?

అలసందలే అట్లాంటిక్ దాటి ఇటువైపూ వచ్చాయి. బెండకాయ వచ్చింది. దక్షిణ అమెరికాలో పుట్టిన వేరుశనగ కూడా ఆఫ్రికా చుట్టి, బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటు ఈ దక్షిణాది రాష్ట్రాలకి చేరింది. వరి పండించే తెలివి కూడా అలాగే వచ్చింది. సౌత్ కరోలినా, జార్జియా తీరంలో చిత్తడి నేలలని మళ్ళు కట్టి, గట్లు పోసి, పోటునీటికి తూములు పెట్టి వరి పండించింది పశ్చిమ ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన రైతులు. వాళ్ళ వారసులు గుల్లా గీచీ జనం ఇప్పటికీ ఆ తీరంలో ఉన్నారు. బియ్యం, అలసందలు కలిపి వండే ‘హాపిన్ జాన్’ వాళ్ళ వంటల్లోంచి వచ్చిందే. కొత్త సంవత్సరం రోజున దానితో పాటు కాలర్డ్ ఆకుకూర తింటే ఏడాదంతా చేతిలో డబ్బు ఆడుతుందని నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు అందరూ నమ్ముతారు. నువ్వులది మాత్రం ఎదురు ప్రయాణం. మన ఉపఖండంలో పుట్టి, ఆఫ్రికా వెళ్ళి, అక్కడి నుంచి సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ చేరాయి. అక్కడ వాటితో పల్చటి తీపి బిళ్ళలు చేస్తారు.

జొన్న గురించి ఇంకొంచెం చెప్పాలి. మనం గింజ కోసం వేస్తాం, ఇక్కడివాళ్ళు తీపి జొన్నని కాండం కోసం వేస్తారు. మా ఇంటికి ఉత్తరాన కొండల్లో బ్లెయిర్స్‌విల్ అనే ఊరుంది, ప్రతి అక్టోబరులో అక్కడ జొన్న పాకం పండగ చేస్తారు. కాండాలని గానుగలో పెడితే చిక్కటి పచ్చ రసం కారుతుంది. దాన్ని పొడుగాటి పెనంలో పోసి కట్టెల మంట మీద కాస్తారు. పైకి తేలే పచ్చ నురగని ఒక మనిషి పొడుగు గరిటెతో తీస్తూనే ఉంటాడు, క్షణం ఆపడు, ఎందుకంటే నురగ మిగిలితే పాకానికి పచ్చివాసన వస్తుంది. పది గ్యాలన్ల రసం మరిగితే ఒక గ్యాలన్ పాకం. రంగు తేనె కన్నా ముదురు, రుచిలో బెల్లానికి దగ్గర, చివర్లో సన్నటి పులుపు. వేడి బిస్కెట్‌ని చీల్చి వెన్న రాసి దాని మీద ఈ పాకం పోసుకుంటారు. జొన్నచేను పక్కనే పుట్టి పెరిగినా ఆ పంటలో ఇంత తీపి ఉందని నాకు ఇక్కడికి వచ్చేదాకా తెలియదు.

శనక్కాయల సంగతి చెప్పనే అక్కర్లేదు. అమెరికాలో పండే వేరుశనగలో దాదాపు సగం జార్జియాదే. రోడ్ల పక్కన పెద్ద కాగుల్లో ఉప్పునీళ్ళు పోసి, పచ్చి కాయలు గంటల తరబడి ఉడకబెట్టి కాగితం సంచుల్లో పోసి అమ్ముతారు. అనంతపురం మనిషి ఎవరైనా కారు ఆపాల్సిందే.

అయితే ఈ తిండిని ‘ఇంటి భోజనం’, ‘కమ్మటి భోజనం’ అని హోటల్ గోడల మీద రాసుకున్నంత తియ్యగా దీని చరిత్ర లేదు. అంతర్యుద్ధం తర్వాత దక్షిణాదిలో కౌలు రైతులు, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ, పత్తి తప్ప ఇంకేమీ వేయనివ్వని భూస్వాముల కింద బతికారు. ఇంటి పక్కన కూరగాయలు వేసుకోవడానికి కూడా జాగా ఉండేది కాదు, గుమ్మం దాకా పత్తే. రోజూ తినేది మూడే మూడు. మొక్కజొన్న పిండి, ఉప్పు వేసి ఊరబెట్టిన పంది కొవ్వు, చెరకు మడ్డి పాకం. ఫలితంగా పెలాగ్రా అనే జబ్బు ఊళ్ళకి ఊళ్ళనే పట్టింది. చర్మం పగిలి నల్లబడటం, విరేచనాలు, మతి తప్పడం, చివరికి చావు. ఇది అంటురోగమని డాక్టర్లు నమ్మేవారు. 1914లో ప్రభుత్వం పంపిన జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు, అనాథాశ్రమాల్లో, ఆసుపత్రుల్లో పిల్లలకీ రోగులకీ జబ్బు వస్తుంటే వాళ్ళని చూసుకునే సిబ్బందికి రాకపోవడం గమనించి, తిండే కారణమన్నాడు. అందరికీ నమ్మకం కలగడానికి తనూ, తన భార్యా, తోటి డాక్టర్లూ రోగుల రక్తాన్ని తమ ఒంట్లోకి ఎక్కించుకుని చూపించారు. ఎవరికీ జబ్బు రాలేదు. లోపించింది నియాసిన్ అనే విటమిన్ అని 1937లో తేలింది. మొక్కజొన్నని ఈ ఖండంలో మొదట పండించిన ఆదివాసీలు సున్నం నీళ్ళలోనో, బూడిద నీళ్ళలోనో ఉడికించి తినేవారు. అలా చేస్తే గింజలో బిగుసుకున్న ఆ విటమిన్ ఒంటికి అందుతుంది. పంట తీసుకున్నవాళ్ళు ఆ పద్ధతిని వదిలేశారు.

ఇదే జబ్బు మన దగ్గరా ఉండేది. హైదరాబాద్ చుట్టుపక్కల జొన్నే తిని బతికే పేదల్లో పెలాగ్రా ఎందుకొస్తోందో, ఇప్పుడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉన్న పరిశోధనశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య పరిశీలించారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణం కావచ్చని 1960లో ప్రకటించారు. కౌలు రైతు ఇంట్లో మొక్కజొన్న రొట్టె, దక్కన్ కూలీ ఇంట్లో జొన్నరొట్టె. ఒకే ధాన్యం మీద బతకాల్సి రావడం, పక్కన పప్పో ఆకో పాలో లేకపోవడం. అలాంటి బతుకులో, ఇంటి వెనక కాస్త జాగా దొరికినచోట టర్నిప్ ఆకు, అలసందలు, బెండ వేసుకున్న ఆడవాళ్ళ వల్లే ఈ వంట నిలబడింది. అందుకే ఆ హోటల్లో నాకు కోడి వేపుడు కన్నా పక్కన పెట్టే కూరలే గొప్పగా అనిపిస్తాయి.

కోడి వేపుడు గొప్పదనం కూడా తక్కువేం కాదు. వర్జీనియాలో గోర్డన్స్‌విల్ అనే రైల్వే జంక్షన్ ఉంది. అంతర్యుద్ధం తర్వాత, రైళ్ళలో డైనింగ్ పెట్టెలు రాకముందు, అక్కడ నల్లజాతి ఆడవాళ్ళు నెత్తి మీద తట్టలతో ప్లాట్‌ఫారం మీదికి వచ్చి, కిటికీల్లోంచి కోడి వేపుడు, బిస్కెట్లు అందించేవారు. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడిన ఆడవాళ్ళు. ఆ డబ్బుతో ఇళ్ళు కట్టుకున్నారు, పిల్లల్ని పెంచారు.

వండినవాళ్ళనే బల్ల దగ్గర కూర్చోనివ్వని రోజులు మా తల్లిదండ్రుల తరం కళ్ళ ముందువే. అట్లాంటాలో లెస్టర్ మాడక్స్ అనేవాడు పిక్‌రిక్ అనే హోటల్ నడిపేవాడు, కోడి వేపుడుకి పేరున్న చోటు. 1964 జులై 2న, హోటళ్ళలో రంగుభేదం చూపకూడదనే పౌరహక్కుల చట్టం మీద సంతకం పడింది. మర్నాడే భోజనానికి వచ్చిన ముగ్గురు నల్లజాతి విద్యార్థులని పిస్తోలు చూపించి తరిమేశాడు. అతని మనుషులు గొడ్డలి కర్రలు పట్టుకుని వెనక నిలబడ్డారు. నల్లవాళ్ళకి వడ్డించే బదులు చివరికి హోటలే మూసుకున్నాడు. 1966 ఎన్నికల తర్వాత ఇదే మనిషి జార్జియా గవర్నర్ అయ్యాడు. అలబామాలో బర్మింగ్‌హామ్‌లోని ఆలీస్ బార్బెక్యూ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ హోటల్లో పనిచేసేవాళ్ళలో మూడింట రెండొంతులు నల్లవాళ్ళే, కానీ వాళ్ళ మనుషులు లోపల కూర్చుని తినడానికి వీల్లేదు, పొట్లం కట్టించుకుని వెళ్ళిపోవాలి. 1964 డిసెంబరులో కోర్టు అది చెల్లదంది. మన పల్లెల్లో రెండు గ్లాసుల హోటళ్ళు చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

అదే వంట నల్లవాళ్ళ హక్కుల ఉద్యమానికి అన్నం కూడా పెట్టింది. అలబామాలోని మాంట్‌గొమరీలో జార్జియా గిల్మోర్ అనే వంటావిడ ఉండేది. నల్లవాళ్ళని వేరుగా కూర్చోబెట్టే సిటీ బస్సుల బహిష్కరణ కేసులో 1956లో మార్టిన్ లూథర్ కింగ్ తరఫున సాక్ష్యం చెప్పినందుకు ఆవిడ హోటల్ ఉద్యోగం పోయింది. అప్పటికే తోటి ఆడవాళ్ళతో కలిసి కోడి వేపుడు, పైలు, కేకులు వండి అమ్మి ఆ డబ్బు ఉద్యమానికి ఇస్తోంది. ఉద్యోగం పోయాక సొంత ఇంట్లోనే భోజనం పెట్టడం మొదలుపెట్టింది. నాయకులు ఆ ఇంటి బల్ల దగ్గరే కూర్చుని మంతనాలాడేవారు. 1990లో, సెల్మా నుంచి మాంట్‌గొమరీ దాకా నడిచిన యాత్రకి పాతికేళ్ళైన సందర్భంగా వచ్చేవాళ్ళ కోసం వండిన రోజే చనిపోయింది. ఆవిడ వండిన ఆ వంటనే పరామర్శకి వచ్చినవాళ్ళకి పెట్టారు. అట్లాంటాలో పాస్కల్స్ కథా ఇలాంటిదే. 1947లో జేమ్స్, రాబర్ట్ అనే అన్నదమ్ములు పెట్టిన హోటల్ అది. నిరసనల్లో అరెస్టై విడుదలైన విద్యార్థులకి అక్కడ ఊరికే భోజనం పెట్టేవారు.

ఇప్పుడు హైవే పక్కన కనిపించే, ఒకే పేరుతో ఊరూరా శాఖలున్న గొలుసు హోటళ్ళకి వెళ్ళి చూడండి. వరండాలో ఊగే కుర్చీలు, గోడల నిండా పాత నాగళ్ళు, తుప్పు పట్టిన రంపాలు, ఎవరో తెల్లవాళ్ళ కుటుంబాల నలుపు తెలుపు ఫొటోలు. 1969లో టెనెసీలోని లెబనాన్ అనే ఊళ్ళో మొదలైన క్రాకర్ బారెల్ వీటిలో పెద్దది. నల్లజాతి కస్టమర్లని వేరుగా కూర్చోబెడుతున్నారని, చిన్నచూపు చూస్తున్నారని వచ్చిన ఆరోపణల మీద అమెరికా న్యాయశాఖ ఆ సంస్థతో 2004లో ఒప్పందం కుదుర్చుకుని, పద్ధతులు మార్చుకోమంది. అక్కడ తినకూడదని నేననను. గోడ మీది ఫొటోల్లో ఆ వంట వండినవాళ్ళు ఎందుకు లేరని తింటూ ఒక్కసారి ఆలోచించమంటాను.

నేనుండే, కమ్మింగ్ ఊరున్న ఫోర్సైత్ కౌంటీలోనైతే (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఆ ప్రశ్న ఇంకా పెద్దది. 1912లో ఈ కౌంటీలో ఉన్న నల్లవాళ్ళని, వెయ్యిమందికి పైగా, తుపాకులతో నిప్పుతో బెదిరించి కొద్ది వారాల్లో వెళ్ళగొట్టారు. వాళ్ళ చర్చిలు తగలబెట్టారు. చాలామంది భూములు పరాయివాళ్ళ పాలయ్యాయి. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ వెంట చిన్న ఊరేగింపు ఇక్కడికి వస్తే రాళ్ళు రువ్వారు. వారం తర్వాత దాదాపు ఇరవై వేలమంది వచ్చి నడిచారు. దశాబ్దాల పాటు నల్లమనిషి కాపురం లేని ఈ నేల మీదే ఇప్పుడు మన వాళ్ళ ఇళ్ళు, మన గుళ్ళు, మన కిరాణా కొట్లు ఉన్నాయి. ఆ కుటుంబాలు ఇక్కడే ఉండి ఉంటే మా కమ్మింగ్‌లో అలసందలు ఎవరు వండి పెట్టేవారో అని నేను తరచుగా అనుకుంటాను.

మన వాళ్ళు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, చప్పగా ఉంటుందని. బల్ల మీద ఒక సీసాలో వెనిగర్‌లో నానుతున్న పచ్చిమిరపకాయలు ఉంటాయి, చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారేమో ముట్టుకోరు. ఆకుకూర మీద, అలసందల మీద చల్లుకోవాల్సింది అదే. దాని పక్కన లూసియానా హాట్ సాస్ ఎలాగూ ఉంటుంది. అయినా ప్రతి గింజనీ మసాలాలో ముంచితేనే వంట అనే పట్టుదల వదులుకుంటే మంచిది. తాజా అలసందలని ఉప్పూ ఉల్లిపాయా వేసి సన్నటి మంట మీద ఉడికిస్తే వచ్చే మట్టివాసనలాంటి తీపి, మన తాలింపు కింద మనకి ఎప్పుడూ తెలియనిది.

రెండోది ఆరోగ్యం. ఇది న్యాయమైన మాట. పక్షవాతం కేసులు ఎక్కువని ఈ రాష్ట్రాలని ‘స్ట్రోక్ బెల్ట్’ అంటారు. నూనెలో వేగినవి, తీపి టీ అందులో తమ వంతు పాత్ర పోషిస్తున్నాయి. కానీ కోడి వేపుడు ఈ ఊళ్ళల్లో ఆదివారం వంట, చర్చి నుంచి వచ్చాక, పాస్టర్ గారు భోజనానికొస్తే చేసే వంట. మిగతా రోజులన్నీ గింజలు, ఆకులు, రొట్టె. వర్జీనియాలో విముక్తులైన బానిసలు స్థాపించిన ఫ్రీటౌన్ అనే పల్లెలో 1916లో పుట్టిన ఎడ్నా లూయిస్, ఆ పల్లె వంటల మీద 1976లో రాసిన పుస్తకాన్ని రుతువుల వారీగా రాసింది. ఏ నెలలో చేలో ఏముంటే అది. ఆదివారాన్ని రోజూ అమ్మడం మొదలుపెట్టింది హోటళ్ళు. మనమూ పెళ్ళి భోజనాన్ని వారానికి మూడుసార్లు తినడం నేర్చుకుని షుగరు మాత్రలు మింగుతున్నాం కాబట్టి, వాళ్ళని వేలెత్తి చూపే హక్కు మనకి లేదు. వెజిటబుల్ ప్లేట్ తీసుకోండి, టీ తీపి లేకుండా అడగండి.

మూడోది పంది. శాకాహారులకీ, ముస్లింలకీ ఇది నిజంగా ఇబ్బందే. ఆకుకూరల్లో, చిక్కుళ్ళలో రుచికోసం పొగబెట్టిన పంది ఎముక వేయడం ఇక్కడి మామూలు పద్ధతి. కార్న్‌బ్రెడ్ పెనానికి కూడా పంది కొవ్వు రాస్తారు. “ఇందులో మాంసం ఉందా” అని అడిగితే లేదనే చెప్తారు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో ఆ ఎముక మాంసం కాదు. “దేనితో సీజనింగ్ చేశారు” అని అడగాలి. కచ్చితంగా చెప్తారు, విసుక్కోరు. ఈమధ్య చాలాచోట్ల టర్కీ వాడుతున్నారు, కొన్నిచోట్ల అదీ లేకుండా వండుతున్నారు.

మా ఊరి తెలుగువాళ్ళ వేసవి పిక్నిక్ కమిటీ ముందు నేను ఒక ప్రతిపాదన పెట్టాను. ఏటా బిరియానీ, ఇడ్లీ, మిర్చి బజ్జీలు ఎలాగూ ఉంటాయి. ఒక్క పూట అట్లాంటాలో నల్లజాతి కుటుంబం నడిపే వంటశాల నుంచి భోజనం తెప్పిద్దామన్నాను. పిల్లలు తినరని ఒకరన్నారు. మాకరోనీ అండ్ చీజ్ తినని పిల్లలు ఈ జార్జియాలో ఉన్నారా? పెద్దవాళ్ళకి పడదని ఇంకొకరన్నారు. మా అమ్మ సంగతి చెప్పాను. వంటశాలవాళ్ళతో మాట్లాడాను కూడా. అలసందలు, కాలర్డ్ ఆకు, బెండకాయ టమాటా, చిలగడదుంప, మొక్కజొన్న రొట్టె, అన్నీ పంది లేకుండా, నూనెతోనే వండిస్తామన్నారు. కోడి వేపుడు వేరే తట్టల్లో పంపుతారు. ధర మనం బిరియానీకి పెట్టేదానికన్నా ఎక్కువేమీ కాదు. వచ్చే మీటింగులో ఓటింగుంది, ఫోర్సైత్‌లో ఉన్నవాళ్ళు దయచేసి రండి.